జేబులున్న గలీబు

పెళ్ళయి హోసూరులో కాపురం పెట్టిన కొత్తలో ఒక సాయంత్రం మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, "నాకొక మంచి జెర్సీ కావల్ల మే" అన్నాడు. నీళ్ళు పోస్తున్న చెంబు పట్టుకొని నేను అట్లాగే నిలబడిపోయాను. మాది రెండు గదుల అద్దె ఇల్లు. వెనకాల ఒక బట్టల బండ, దాని పక్కన మూరెడు జాగా, అంతే.

"యాడ కట్టేసేది?" అన్నాను.

"ఏమిట్ని?"

"జెర్సీని. పేడ ఎవురు ఎత్తేది? ఇంటోళ్ళు ఊరికే ఉంటారా?"

ఎనభైల మొదట్లో హోసూరు చుట్టుపక్కల జెర్సీ అంటే ఆవే. పశువుల ఫారం ఉన్న ఊరు మరి. మాకు పాలు పోసే ఆమె రోజూ తన జెర్సీ గొప్పలు చెప్పుకొనేది: అది ఎంత తింటుంది, ఎన్ని లీటర్లు ఇస్తుంది, ఎండకు ఎట్లా రొప్పుతుంది. సీమావుకు నీడ కావాలి, ఫ్యాను కూడా పెట్టాలట. ఆ కష్టాలన్నీ నా కళ్ళముందు తిరిగాయి. మా ఆయన బట్టల బండ మీద కూలబడి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"కట్టేసేది కాదే, ఏసుకొనేది" అన్నాడు చివరికి.

అప్పుడు తెలిసింది, నేను కట్టుకున్నది సైకిల్ పిచ్చివాడినని. ఫ్యాక్టరీలో కొందరు కలిసి వంగిన హ్యాండిలు సైకిళ్ళు సంపాదించి ఆదివారాలు తొక్కేవాళ్ళు. వాళ్ళలో ఒకరిద్దరికి పందేల్లో వేసుకొనే జెర్సీలు ఉన్నాయి. తనకు లేదు. మామూలు చొక్కా వేసుకొని తొక్కితే గాలికి వీపు మీద బుడగలా ఉబ్బుతుందని, అది వెనక్కి లాగుతుందని ఆయన బాధ. ఆ బాధ తీర్చుకోవడానికి ఒక రోజు బెంగళూరు పోయి, ఉన్ని జెర్సీ ఒకటి కొనుక్కొచ్చాడు. ముదురు ఎరుపు, గుండెల మీద తెల్ల పట్టీ, మెడ దగ్గర జిప్పు, నడుము వెనక మూడు జేబులు.

మా నాన్నది కృష్ణగిరిలో బట్టల అంగడి. ఏ బట్ట చేతికి వచ్చినా ముందు తిరగేసి లోపలి కుట్టు చూడటం మా ఇంటి అలవాటు. మనుషుల్ని కూడా మీరు అట్లాగే చూస్తారని మా ఆయన వెక్కిరింపు. తిరగేసి చూశాను. ఉన్ని మంచిదే, కుట్టూ మంచిదే. వేడినీళ్ళు తగిలించవద్దని చెప్పాను కూడా. కానీ మూడో వారం తిరిగేసరికి చెమట వాసన తనకే భరించరాక, నేను ఇంట్లో లేని పూట చూసి, మా ఆయన దాన్ని సోడా పొడి వేసి హండాలో ఉడకబెట్టాడు. ఇడ్లీ బట్టను కూడా అంత ఉడికించరు. బయటికి తీసేసరికి అది ఎలిమెంటరీ స్కూలు పిల్లవాడికి సరిపోయేటట్టు అయింది.

"కొంచెం బిగువయింది, గాలికి ఇంకా మంచిది" అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. దాన్ని అట్లాగే బొడ్డు కనపడేటట్టు వేసుకొని తిరిగాడు.

అట్లా తిరిగినా బాధ లేదు. ఒక ఆదివారం అదే వేసుకొని, కింద అరనిక్కరుతో, నేరుగా కృష్ణగిరిలో మా నాన్న అంగడి ముందు దిగాడు.

మా నాన్న సంగతి ఇక్కడ చెప్పాలి. ఎండ మండిపోయే వైశాఖంలో కూడా ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల నిండుచేతుల అంగీ వేసుకొని, మెడ దాకా గుండీలు పెట్టుకొని కూర్చుంటాడు. ఆ వీధిలో మిగతా వ్యాపారులు మధ్యాహ్నం అయ్యేసరికి బనియన్ల మీద విసనకర్ర ఊపుకొంటూ ఉంటారు. మా నాన్నకు అది చూస్తే ఒళ్ళుమంట. "బట్టలమ్మేటోడే బట్ట లేకుండా కూసుంటే, కొనేటోడు ఏం చూసి కొంటాడు?" అనేవాడు. ఆ ఆదివారం అంగడి నిండా పెళ్ళి బట్టలకు వచ్చిన ఊత్తంగరై వాళ్ళు. వాళ్ళ ముందు చీరలు పరిచి ఉన్నాయి. చెమటలు కక్కుతూ, బొడ్డు చూపిస్తూ, అల్లుడు మెట్లెక్కాడు.

మా నాన్న లేచి నిలబడి, ఎంతో మర్యాదగానే, "సందు పక్క నుంచి రాండప్పా" అన్నాడట.

మా అంగడి పక్క సందు అంటే మురికి కాలువ, మూటలు దింపే చోటు. దాని చివర ఇంటి పెరటి తలుపు. మా ఆయన అక్కడే సైకిలు తిప్పుకొని, గుక్కెడు నీళ్ళు కూడా తాగకుండా హోసూరికి వచ్చేశాడు. కృష్ణగిరి నుంచి హోసూరికి అంతా ఎగువ. ఇంటికి వచ్చేసరికి ముఖం కందగడ్డ.

"సందులోనుంచి దూరేకి నేనేమన్నా దొంగనా? ఇంక మీ ఇంటి గడప తొక్కను" అన్నాడు.

నేను బస్సెక్కి కృష్ణగిరి పోయి మా నాన్నను నిలదీశాను. ఆయనేమో, "బనియన్‌తో బజారుకొచ్చే అల్లుడు నాకుంటే, నేను అంగీ గుడ్డ ఎవురికమ్మేది?" అన్నాడు.

"అది బనియన్ కాదు నాయినా."

"మరేమి?"

జెర్సీ అందామని నోరు తెరిచి మూసుకున్నాను. అంగట్లో ఉన్నవాళ్ళలో సగం మంది రైతులు.

ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. నా కోపమంతా అందుకే. చెడ్డవాళ్ళయితే ఒకరి పక్కన చేరి రెండోవారిని తిట్టుకొని హాయిగా ఉండేదాన్ని. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పండగలకు ఒక్కదాన్నే పుట్టింటికి పోయి, ఆయనకు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదని మా అమ్మకు చెప్పేదాన్ని. ఫ్యాక్టరీ గేట్లు ఆ రోజు మూసి ఉంటాయని మా అమ్మకూ తెలుసు. పాపం, ఒక్కసారి కూడా బయటపడలేదు.

రానురాను నాకు ఒకటి తోచింది. గొడవంతా పేరు లేకపోవడం దగ్గర ఉంది. జెర్సీ అంటే ఆవు. బనియన్ అంటే లోపలి బట్ట. అంగీ అనడానికి కాలరు లేదు, ముందు గుండీలు లేవు. పేరు లేని బట్టకు మా నాన్న ఇంట్లో మర్యాద ఎక్కడిది?

ఇట్లా ఒక ఏడాది గడిచింది. ఆ చలికాలం కుర్రాళ్ళ సంఘం ఒకటి హోసూరు నుంచి కృష్ణగిరికి సైకిల్ పందెం పెట్టింది. మా ఆయన మొదటి రోజే చేరాడు. పందెం ఆఖరు ఎక్కడంటే, సరిగ్గా మా బజారు వీధిలో, మా నాన్న అంగడికి నాలుగు అంగళ్ళ అవతల.

పందెం గురించి నాకు బెంగ లేదు. గెలిచేంత సత్తా తనకు లేదని ఆయనకే తెలుసు. నా బెంగ వేరే. ఆ రోజు ఆయన బజారంతా చూస్తుండగా మా అంగడి ముందునుంచే పోవాలి. అప్పుడు మా నాన్న ముఖం తిప్పుకున్నా, కోపం పట్టలేక అంగడి తలుపు పలకలు వేసేసినా, ఇక ఆ రెండు ఇళ్ళ మధ్య దారి మూసుకుపోయినట్టే. అట్లా జరగనివ్వకూడదు. ముందు ఆ ఉడికిన జెర్సీని ఆయన ఒంటిమీద నుంచి తప్పించాలి. చూసేవాళ్ళకు కళ్ళు నొప్పి పుట్టని జెర్సీ ఒకటి నేనే కుట్టాలి. గుడ్డ మా నాన్న అంగట్లోనే తీసుకోవాలి.

పోయి, అల్లిక గుడ్డ తాన్లు చూపించమన్నాను. తిరుప్పూరు నుంచి వచ్చే బనియన్ గుడ్డ, రంగువేసినవి కూడా నాలుగైదు ఉండేవి.

"దేనికమ్మా?" అన్నాడు మా నాన్న.

"గలీబులకు." నోటికి అదే వచ్చింది. దిండు గలీబులకు బనియన్ గుడ్డ ఎవరు వాడతారు? నాకే నవ్వొచ్చింది. మా నాన్న నవ్వలేదు. నా ముఖం ఒకసారి చూసి, గుడ్డ తాను కిందికి దించాడు.

నేను లేత నీలం మీద చెయ్యి వేశాను. "అది వద్దు. గలీబుకు లేత రంగు పనికిరాదు, మరక కనపడతాది" అని నేరేడు పండు రంగు తాను నా ముందుకు తోశాడు. గుడ్డ అంచు రెండు చేతులతో అడ్డంగా లాగి వదిలాడు. అది సాగి, మళ్ళీ తన చోటికి వచ్చింది. నిలువుగా లాగాడు. కదల్లేదు.

"అడ్డానికి సాగల్ల, పొడుగుకు సాగకూడదు. పొడుగుకు సాగే గుడ్డయితే తడిసినాక మోకాళ్ళ దాకా దిగుతాది" అన్నాడు.

"దిండు ఎందుకు తడుస్తాది నాయినా?"

"చెమట పట్టే దిండ్లు కొన్ని ఉంటాయిలే" అని కత్తెర అందుకున్నాడు.

అప్పుడు తెలిసింది, ఆయనకు మొత్తం తెలుసునని. తెలిసీ అల్లుడి పేరు ఎత్తడు. సరే, నేనూ ఎత్తలేదు.

ఆ గుడ్డ రాత్రంతా ఉప్పునీళ్ళలో నానబెట్టాను, రంగు నిలవాలని. ఉడికిన జెర్సీ కుట్లు విప్పి, దాని ముక్కలు పరిచి, చుట్టూ నాలుగు వేళ్ళు పెంచి కత్తిరించాను. మా ఆయన వెనకపడి ఒకటే నస. ముందు పక్క కురచగా ఉండాలట, లేకపోతే వంగినప్పుడు పొట్ట దగ్గర ముడత పడుతుంది. వెనక పొడుగు ఉండాలట, లేకపోతే నడుముకు చలి. చేతులు బిగువుగా ఉండాలి, చంకల్లో వదులుగా ఉండాలి. ఒక్కో మాటకు ఆయన్ను ఇంటి మధ్యలో సైకిలెక్కించి, గోడ పట్టుకొని వంగమని, గుండుసూదులు గుచ్చి చూసుకున్నాను. ఒకటి రెండు వీపుకు కూడా గుచ్చుకున్నాయి. అవి కావాలని కాదు. ఒకటి మాత్రం కావాలనే.

మామూలు కుట్టు మిషను మీద అల్లిక గుడ్డ కుడితే, గుడ్డ సాగినప్పుడు దారం పుటుక్కుమంటుంది. గుడ్డను రెండు వైపులా లాగి పట్టుకొని కుట్టాలి, అప్పుడు దారంలో కొంచెం వదులు ఉండిపోతుంది. రెండు కాళ్ళు మిషను తొక్కుతుంటే, రెండు చేతులు గుడ్డ లాగుతుంటే, నేనూ ఒక పందెంలో ఉన్నట్టే ఉండేది.

కుట్టడం ఒక ఎత్తు, కాపాడటం ఒక ఎత్తు. తొలి ఆదివారమే మా ఆయన జేబులో బెల్లం ముక్క మరిచిపోయి దండెం మీద వేస్తే, తెల్లారేసరికి చీమల బారు. అప్పటినుంచి జేబులు నాకు చూపించందే జెర్సీ నీళ్ళలో పడకూడదని చట్టం చేశాను. తిరగేసి, చన్నీళ్ళలో, కుంకుడు రసంతో ఉతకాలి. పిండకూడదు. తువ్వాలులో చుట్టి అదమాలి. భుజాలు పట్టి వేలాడేస్తే నీళ్ళ బరువుకు సాగుతుంది కాబట్టి నీడలో చాప మీద పరిచి ఆరేయాలి. పాలామె ఒక రోజు అది చూసి, "ఎవురికమ్మా ఇంత సేవ? బాలింతకు కూడా చెయ్యరే" అంది. జెర్సీ అని చెప్పాను. నన్ను వింతగా చూసి, పాలు పోసి వెళ్ళిపోయింది.

పందెం ఇంకో వారం ఉందనగా జెర్సీ తీసుకొని కృష్ణగిరి పోయాను. మా అమ్మకు చూపిస్తుంటే మా నాన్న భోజనానికి వచ్చాడు. చేతులు తుడుచుకొని, దాన్ని అందుకొని, ముందు తిరగేశాడు.

"గలీబుకు చేతులెందుకమ్మా?"

"చలికాలం కదా నాయినా."

"ఒక పక్క పొడుగుండాది."

"ఆ దిండు వంగి పడుకుంటాది."

"ఈ జేబులు?"

"దానికి ఆకలైతే అరటిపండు పెట్టుకొనేకి."

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని వంటింట్లోకి పోయింది. మా నాన్న మాత్రం చంక కింద కుట్టు వేలితో నొక్కి, "ఈడ తెగుతాది. లోపల ఇంకొక ముక్క ఎయ్యి" అన్నాడు. తర్వాత దాన్ని గిరాకీకి ఇచ్చే బట్టలాగా మడిచాడు, అంచుకు అంచు, చేతులు లోపలికి. ఆ మడత చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఆ పొద్దు అంగడి తెరిచే ఉంటాది కదా నాయినా?" అని అడిగేశాను.

ఆయన జెర్సీ నా ఒడిలో పెట్టి, "గిరాకీని బట్టి" అని లేచి వెళ్ళిపోయాడు.

పందెం రోజు నేను ముందుగానే కృష్ణగిరి చేరుకున్నాను. పొద్దున్నే మంచు ఇంకా విడవలేదు. ఊరి కూడలి రౌండానా నుంచి బజారు దాకా జనం. అంగడి తెరిచే ఉంది. మా నాన్న ఇస్త్రీ అంగీ వేసుకొని, గుండీలు పెట్టుకొని, వీధికి వీపు పెట్టి కూర్చొని, ఎవరూ అడగని చీరలు సర్దుతున్నాడు. పలకలు మాత్రం మూయడానికి వీలుగా గోడకు ఆనించి ఉన్నాయి. నేను మెట్టు మీద నిలబడి పలకలనూ వీధినీ మార్చి మార్చి చూస్తున్నాను.

మొదటి సైకిళ్ళు వచ్చాయి, ఈలలు, చప్పట్లు. ఇంకో గుంపు వచ్చింది. అందులోనూ నేరేడు రంగు లేదు. అందరూ వచ్చేశారనిపించాక, ఒక కుర్రవాడిని ఆపి అడిగాను.

"ఆయన గురుబరపల్లి కాడ పడిపోయినాడక్కా. రోడ్డు మీద రాగి కోత పరిచినారు, దాని మింద జారె" అన్నాడు.

మా వైపు అది మామూలే. కోతలయ్యాక రాగి కంకులు తారు రోడ్డు మీద పరుస్తారు, లారీలు తొక్కి గింజ రాలుస్తాయి. లారీకి అది కళ్ళం, సన్న టైరు సైకిలుకు అది నూనె పోసిన నేల. పడిన మా ఆయన్ని లేపుతూ అక్కడి ఆడవాళ్ళు, "తొక్కితే తొక్కప్పా, పొర్లేదెందుకు?" అన్నారని తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం అటు పరిగెత్తబోయాను. వెనక్కి తిరిగి చూస్తే, మా నాన్న చీరలు సర్దడం ఆపేసి ఉన్నాడు. ఆ కుర్రవాడి మాట ఆయనకూ వినపడింది.

అప్పుడు వచ్చాడు మా ఆయన. అందరికన్నా ఆఖరున, ఒంటరిగా. ముందునుంచి చూస్తే జెర్సీ బాగానే ఉంది. మమ్మల్ని దాటి పోయాక వీపు కనపడింది. భుజం నుంచి నడుము దాకా గుడ్డ చీలి వేలాడుతోంది, జేబు ఒకటి ఊడి తొడ మీద కొట్టుకుంటోంది, లోపల తోలు గీరుకుపోయి రక్తం. బజారంతా చూస్తోంది. మా నాన్న చెప్పినట్టు చంకలో వేసిన ముక్క మాత్రం చెక్కుచెదరలేదు.

గీత దాటి, దిగి, సైకిలు పట్టుకొని నిలబడ్డాడు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. చేత్తో వెనక్కి తడుముకొని, చిరిగిన గుడ్డను మూసుకోవాలని చూశాడు. అది మూతపడలేదు. మా అంగడి వైపు చూశాడు, నన్ను చూశాడు, లోపల మా నాన్నను చూశాడు. తర్వాత తల దించుకొని, సైకిలు నడిపించుకొంటూ, తనంతట తానే సందు వైపు తిరిగాడు.

ఆ మలుపు చూసి నాకు గుండె చెరువైంది. దొంగనా అని ఏడాది పాటు బిగుసుకొని కూర్చున్న మనిషి, చొక్కా చిరిగినందుకు మా నాన్న పరువు కాపాడటానికి సందులోకి పోతున్నాడు. పిలుద్దామని మెట్టు దిగాను.

"ఆ పక్క కాదప్పా!"

మా నాన్న గొంతు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి, సందు మొదట్లో మా ఆయన సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. "యాడికి పోతాండారు? ముందర నుంచి రాండి" అన్నాడు. మా ఆయన కదల్లేదు. వీపు చూపించినట్టు అటు తిరిగి, "ఇట్లా ఎట్ల వచ్చేది మామా?" అన్నాడు.

మా నాన్న మెడ దగ్గర గుండీ విప్పాడు. తర్వాత దాని కింది గుండీ. ఆయన గుండీలు విప్పడం నడివీధిలో ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. తెల్ల అంగీ విడిచి, మా ఆయన చేతులు ఒక్కొక్కటే అంగీ చేతుల్లోకి దూర్చి, చంటిపిల్లవాడికి తొడిగినట్టు తొడిగి, ముందు గుండీలు పెట్టాడు. వీపు మీద తెల్లగుడ్డలోకి ఎర్రగా రక్తం ఎక్కింది. "మరక పడతాది మామా" అంటే, "చన్నీళ్ళకు పోతాది" అన్నాడు. తర్వాత మా ఆయన చెయ్యి పట్టుకొని, జనం మధ్యలోనుంచి, అంగడి ముందు మెట్లు ఎక్కించాడు. నేను సైకిలు పట్టుకొని ఏడుస్తూ నిలబడ్డాను. సంతోషంతోనే ఏడుస్తున్నానని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఎదురు అంగడాయన తన గల్లాపెట్టె దగ్గరనుంచి లేచి, బనియన్‌తో నిలబడ్డ మా నాన్నను పైనుంచి కిందికి చూసి, "ఏమప్పా, అంగీ యాడ పోయె?" అని అరిచాడు.

"యాడికీ పోలే" అన్నాడు మా నాన్న. "మా అల్లుడు ఏసుకోనుండాడు."